మూడు కిలోవాట్ల ఇంట్లో రెండు హెచ్‌పీ రంపం: ఉన్న లోడుతో నడిపే దారి ఏది?

కోటవీధి చెక్కపని, విజయనగరం

సభ్యులందరికీ నమస్కారం. మాది విజయనగరంలో పాత ఇల్లు. కరెంటు బిల్లు మీద సింగిల్ ఫేజ్, కాంట్రాక్టెడ్ లోడు (ఒకేసారి వాడుకోవడానికి విద్యుత్ సంస్థతో ఒప్పుకున్న లోడు) 3 కిలోవాట్లు అని ఉంటుంది. మెయిన్‌లో 32 ఆంపియర్ల ఎంసీబీ (ప్రవాహం మితిమీరితే తనంతట తాను పడిపోయి కరెంటు ఆపే స్విచ్చి) ఉంది. ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ, 2 కిలోవాట్ల గీజరు, 1800 వాట్ల ఇండక్షన్ పొయ్యి, బోరుకు 1 హెచ్‌పీ మోటారు ఉన్నాయి. ఫ్రిజ్జు, మిక్సీ, గ్రైండరు, ఫ్యాన్లు ఎలాగూ ఉంటాయి.

పెరట్లోని రేకుల షెడ్డులో సెలవు రోజుల్లో చెక్కపని చేసుకుంటాను. ఇటీవల 2 హెచ్‌పీ ఇండక్షన్ మోటారుతో తిరిగే బల్ల రంపం తెచ్చాను. పొట్టు లాగే 1 హెచ్‌పీ బ్లోయరు, 1 హెచ్‌పీ గాలి కంప్రెసరు అంతకుముందే ఉన్నాయి. షెడ్డుకు వెళ్లే వైరు మీద సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ ఉంది. ఉదయం పూట రంపం ఒక్కటే వేసినా మూలుగుతూ మెల్లగా తిరగడం మొదలుపెట్టి, పూర్తి వేగం అందుకోకముందే ఎంసీబీ పడిపోతోంది. సాయంత్రం వేళ అసలు కదలడమే లేదు. షెడ్డు ఎంసీబీ తీసేసి 32 ఆంపియర్లది వేయమని ఒకరు, త్రీ ఫేజ్‌కు మారమని మరొకరు చెప్పారు. డబ్బు ఖర్చు పెట్టేముందు అసలు లోపం ఎక్కడుందో, ఉన్న సామర్థ్యంలోనే ఇంటిపనీ చెక్కపనీ రెండూ సాగే పద్ధతి ఏదో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

బొబ్బిలి పనస

మా ఊళ్లో వీణలు చెక్కే గొల్లపల్లి వైపు ఇప్పుడు రంపాలు, డ్రిల్లింగ్ మిషన్లు వాడేవారు చాలామంది ఉన్నారు. 2 హెచ్‌పీ రంపానికి 16 ఆంపియర్లు చాలవన్నది అందరూ అనే మాట. 25 గానీ 32 గానీ వేసుకుంటే పడకుండా నడుస్తుంది. రంపం ఎక్కే నాలుగు క్షణాలే కదా ఎక్కువ లాగేది, తర్వాత మామూలే.

సిక్కోలు వైర్‌మన్

బొబ్బిలి మిత్రులు మేలు కోరే చెప్పారు గానీ, ఆ సలహాను దయచేసి ఇప్పుడే పాటించవద్దు. ఎంసీబీ ఉన్నది రంపాన్ని కాపాడడానికి కాదు, గోడలో ఉన్న వైరును కాపాడడానికి. వైరు ఎంత మోయగలదో చూసి ఎంసీబీ పెట్టాలి గానీ, యంత్రం ఎంత లాగుతుందో చూసి కాదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ వేస్తే, ఆ వైరు తొడుగు మెత్తబడి కాలే స్థితికి వచ్చినా ఎంసీబీ పడదు. చెక్కపొట్టు పేరుకున్న షెడ్డులో అలాంటి వైరు ఉండకూడదు.

ఎంసీబీ రెండు విధాలుగా పడుతుంది. షార్ట్ సర్క్యూట్ లాంటి పెద్ద ప్రవాహం వస్తే అయస్కాంతం లాగి తక్షణం పడుతుంది. బీ రకమైతే రాసిన ఆంపియర్లకు 3 నుంచి 5 రెట్ల మధ్య, సీ రకమైతే 5 నుంచి 10 రెట్ల మధ్య, డీ రకమైతే 10 నుంచి 20 రెట్ల మధ్య ఇలా పడుతుంది. ఓవర్‌లోడు అయితే లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగి, ఆలస్యంగా పడుతుంది. మీ సీ 16 తక్షణం పడాలంటే కనీసం 80 ఆంపియర్లు కావాలి. మీరు చెప్పినట్టు మూలుగుతూ కొంతసేపు తిరిగాక పడుతోందంటే అది వేడికి పడుతున్నదే. అంటే మోటారు త్వరగా వేగం అందుకోలేకపోతోంది, ఆ తొలి ప్రవాహం ఉండవలసిన దానికంటే ఎక్కువసేపు ఉండిపోతోంది. ఎంసీబీ తన పని తాను సరిగ్గా చేస్తోంది.

షెడ్డుకు వేసిన వైరు మందం ఎంత, బోర్డు నుంచి దూరం ఎంత, రంపం వేసినప్పుడు అక్కడ వోల్టేజీ ఎంతకు పడుతోంది, ఈ మూడూ చెప్పండి.

కోటవీధి చెక్కపని, విజయనగరం

వైరు మీద 1.5 అని ఉంది, రాగిదే. బోర్డు నుంచి షెడ్డుకు గోడ వెంట కొలిస్తే 30 మీటర్లు. రంపం వేసినప్పుడు వోల్టేజీ చూడాలంటే మీటరు అంకె నిలకడగా ఉండేలోపే ఎంసీబీ పడిపోతోంది.

ఐటీఐ బోధకుడు

రంపంతో కొలవనవసరం లేదు. నిలకడగా లాగే లోడు ఏదైనా చాలు. నీళ్లు కాచే 1500 వాట్ల రాడ్డు ఉంటే ప్లాస్టిక్ బకెట్‌లో పూర్తిగా మునిగేలా పెట్టి షెడ్డు సాకెట్‌కు తగిలించండి. రాడ్డు వేయకముందు మెయిన్ బోర్డు దగ్గర, షెడ్డు దగ్గర వోల్టేజీ రాసుకోండి. రాడ్డు వేసిన తర్వాత రెండుచోట్లా మళ్లీ రాసుకోండి. ఆ సమయంలో ఇంట్లో ఇతర పెద్ద లోడులు ఆపి ఉంచండి. నీళ్లలో చేయి పెట్టేముందు ప్లగ్గు తీసేయడం మరవవద్దు. బోర్డు దగ్గర కొలవడానికి మూత తీయవలసి వస్తే వైర్‌మన్ చేతనే చేయించండి.

కోటవీధి చెక్కపని, విజయనగరం

మేష్టారూ, వైర్‌మన్‌ను పిలిపించి మీరు చెప్పినట్టే చూశాము. రాడ్డు వేయకముందు రెండుచోట్లా 226. వేశాక బోర్డు దగ్గర 222, షెడ్డులో 217. క్లాంప్ మీటరులో ప్రవాహం 6.1 ఆంపియర్లు చూపింది.

ఐటీఐ బోధకుడు

మీ ప్రశ్నకు జవాబు ఈ నాలుగు అంకెల్లోనే ఉంది, కాబట్టి కాస్త విడమరచి చెబుతాను.

ట్రాన్స్‌ఫార్మరు నుంచి మీ బోర్డు వరకు 4 వోల్టులు పోయాయి. 4ను 6.1తో భాగిస్తే ఆ దారి నిరోధం సుమారు 0.65 ఓములు. బోర్డు నుంచి షెడ్డు వరకు మరో 5 వోల్టులు పోయాయి, అంటే సుమారు 0.8 ఓములు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు కిలోమీటరుకు దాదాపు 12 ఓముల నిరోధం ఉంటుంది. 30 మీటర్లు పోయి మళ్లీ 30 మీటర్లు రావాలి కనుక 60 మీటర్లకు 0.72 ఓములు. మిగిలిన కొద్దిపాటి తేడా సాకెట్లలో, జాయింట్లలో ఉంటుంది. అంటే జాయింట్లు పెద్దగా చెడిపోలేదు, వైరే సన్నం.

ఇప్పుడు రంపం సంగతి. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు పూర్తి పని మీద సుమారు 11 ఆంపియర్లు లాగుతుంది. నిలిచి ఉన్న స్థితి నుంచి బయలుదేరేటప్పుడు దానికి అయిదారు రెట్లు, అంటే 55 ఆంపియర్ల పైచిలుకు కావాలి. అయితే మీ దారిలో మొత్తం 1.45 ఓములు అడ్డున్నాయి కనుక అంత ప్రవాహం రానే రాదు. లెక్క వేస్తే 40 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది, మోటారు దగ్గర వోల్టేజీ 168కి పడిపోతుంది. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 దగ్గర ఉండవలసిన బలంలో మీ రంపానికి అందుతున్నది సగం కంటే ఏ కొంచెమో ఎక్కువ. అందుకే మూలుగుతోంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి 40 అంటే రెండున్నర రెట్లు, ప్రమాణాల ప్రకారం ఆ స్థాయిలో 1 నుంచి 60 సెకన్ల లోపు పడాలి, పడుతోంది. సాయంత్రం ఊరంతా దీపాలు, ఏసీలు వేసుకున్నాక బయలుదేరే వోల్టేజీయే తక్కువగా ఉంటుంది కనుక కదలడం లేదు.

అదే 30 మీటర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగితే 0.8 కాస్తా 0.3కు దిగుతుంది. అప్పుడు బయలుదేరేటప్పుడు వోల్టేజీ 185 దగ్గర నిలుస్తుంది, తిప్పే బలం దాదాపు మూడింట రెండు వంతులకు చేరుతుంది. ఖాళీగా బయలుదేరే రంపానికి అది చాలు.

సిక్కోలు వైర్‌మన్

మేష్టారి లెక్కకు ఒక్క మాట చేర్చుతాను. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశాక సీ 20 పెట్టుకోవచ్చు, ఆ వైరు దానిని సులువుగా మోస్తుంది. అయితే 16 ఆంపియర్ల ప్లగ్గు, సాకెట్టు వాడేచోట మాత్రం సీ 16నే ఉంచమంటాను, ఎందుకంటే అప్పుడు బలహీనమైన భాగం సాకెట్టే అవుతుంది. రంపం త్వరగా వేగం అందుకుంటే సీ 16 పడదు.

బొబ్బిలి పనస

వైరు గురించి అడగకుండా ఎంసీబీ పెంచమనకూడదన్నది అర్థమైంది. నాకొక సందేహం. రంపం ఎక్కిన తర్వాత సంగతి? రంపం, బ్లోయరు, ఏసీ, గీజరు అన్నీ నడుస్తుంటే 32 ఆంపియర్ల మెయిన్ ఆగుతుందా?

ఐటీఐ బోధకుడు

మంచి ప్రశ్న. రంపం గట్టి చెక్క కోసేటప్పుడు 11, బ్లోయరు అయిదున్నర, ఏసీ 7, ఫ్రిజ్జూ ఫ్యాన్లూ కలిపి 3 అనుకుంటే ఇరవై ఆరు దాటుతుంది. దానిమీద గీజరు వేస్తే 8.7 చేరి 35 దాటుతుంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఎంసీబీ రాసిన ఆంపియర్లు దాటగానే పడదు. 1.13 రెట్ల వరకు గంటసేపు పడకూడదనీ, 1.45 రెట్లు అయితే గంటలోపు పడాలనీ దాని ప్రమాణం. 32కు 1.13 రెట్లు అంటే 36. కనుక మీరు చెప్పినవన్నీ ఒకేసారి నడిచినా మెయిన్ పడకపోవచ్చు. పడలేదు కాబట్టి అంతా బాగుందని అనుకోకూడదు. పాత ఇంట్లో మీటరు నుంచి బోర్డు వరకు ఉన్న వైరు, పాత ఫ్యూజు క్యారియర్ల పట్టీలు, స్తంభం మీద సర్వీసు వైరు జాయింటు, ఇవన్నీ ఆ గంటసేపూ వేడెక్కుతూనే ఉంటాయి.

విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టరు, నరసన్నపేట

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం చూసింది కూడా ఇదే. కాలిపోయేది ఎక్కువగా వైరు మధ్యలో కాదు, జాయింటు దగ్గర. ముఖ్యంగా అల్యూమినియం సర్వీసు వైరును రాగి పట్టీకి నేరుగా బిగించినచోట, మన తీరపు ఉప్పు గాలికి, చెమ్మకు ఆ కలయిక దగ్గర లోహం తొందరగా తినుకుపోతుంది. బోర్డు వరకు 0.65 ఓములు ఉండడం నాకు కొంచెం ఎక్కువగానే అనిపిస్తోంది. స్తంభం దగ్గర జాయింటు వదులుగా ఉందేమో చూడమని మీ సెక్షన్ ఆఫీసులో గానీ కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి గానీ నమోదు చేయించండి. మేష్టారు చేయించిన కొలతలు తేదీ, వేళతో రాసి ఇవ్వండి. వోల్టేజీ తక్కువగా ఉందని నోటితో చెప్పినప్పటికంటే, ఇన్ని ఆంపియర్లకు ఇన్ని వోల్టులు పడుతున్నాయని రాసిచ్చినప్పుడు లైన్‌మన్ ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

కాంట్రాక్టెడ్ లోడు విషయానికి వద్దాం. మీరు ఏకకాలంలో 3 కిలోవాట్లు దాటడం ఖాయం కనుక 5కు పెంచమని దరఖాస్తు పెట్టుకోవడమే మర్యాద. 2022 ఏప్రిల్ నుంచి అమలైన టారిఫ్‌లో గృహ వినియోగదారులకు స్థిర చార్జీ కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు. ఆ లెక్కన అదనంగా పడేది నెలకు 20 రూపాయలు, దానితో పాటు ఒక్కసారి కట్టే డెవలప్‌మెంట్ చార్జీ, డిపాజిట్ ఉంటాయి. ఆ లోడు చూసే ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యం నిర్ణయిస్తారు. వీధిలో పది ఇళ్లవారు తక్కువ చెప్పి ఎక్కువ వాడితే సాయంత్రం వోల్టేజీ పడిపోయేది ఆ వీధికే.

మీ ఎలక్ట్రానిక్ మీటరు తెర మీద యూనిట్ల తర్వాత ఒక్కొక్కటిగా మారే అంకెల్లో గరిష్ఠ డిమాండు కిలోవాట్లలో కనిపిస్తుంది. అది క్షణికమైన శిఖరం కాదు, సాధారణంగా అరగంట సగటు. రంపం బయలుదేరేటప్పటి 40 ఆంపియర్లు దానిలో కనపడవు గానీ, గీజరూ ఏసీ ఇండక్షనూ అరగంట కలిసి నడిస్తే కనపడతాయి.

త్రీ ఫేజ్ గురించి. అది తీసుకున్నంతమాత్రాన మీ సింగిల్ ఫేజ్ రంపానికి కొత్త బలం రాదు, అది అప్పుడూ ఒకే ఫేజు మీద నడుస్తుంది. రంపానికి త్రీ ఫేజ్ మోటారే మార్చుకుంటే సంగతి వేరు, 2 హెచ్‌పీకి ఫేజుకు మూడున్నర ఆంపియర్లే పడతాయి. కానీ త్రీ ఫేజ్ ఇంట్లో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) జాయింటు ఊడితే, లోడు తక్కువ ఉన్న ఫేజు మీద వోల్టేజీ 300 దాటి టీవీ, ఫ్రిజ్జు కాలిపోతాయి. న్యూట్రల్ బిగింపు మీద శ్రద్ధ లేనివారు త్రీ ఫేజ్ జోలికి పోకపోవడమే మేలు.

మరొకటి తప్పక చెప్పాలి. సొంత ఇంటి బల్లలు, తలుపులు చేసుకున్నంతవరకు ఇబ్బంది లేదు. ఆర్డర్లు తీసుకుని అమ్మడం మొదలుపెడితే గృహ సర్వీసు మీద నడపకూడదు. విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద అది అనధికార వినియోగం, వర్తించే విభాగపు టారిఫ్‌కు రెట్టింపు లెక్కకట్టి వసూలు చేస్తారు. అప్పుడు షెడ్డుకు వేరే సర్వీసు తీసుకోండి.

చీపురుపల్లి గృహిణి

పెద్దలందరూ షెడ్డు గురించే మాట్లాడుతున్నారు. ఇంటి లోడులో సగానికి పైగా వంటింట్లోనూ స్నానాల గదిలోనూ ఉంది కనుక నేను రెండు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

మాదీ 3 కిలోవాట్ల ఇల్లే. ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు గీజరు, ఇండక్షన్, మోటారు, ఇస్త్రీపెట్టె అన్నీ ఒకేసారి కావాలంటారు. మా ఇంట్లో గీజరుకూ ఇండక్షన్‌కూ కలిపి 32 ఆంపియర్ల చేంజోవర్ స్విచ్చి ఒకటి పెట్టించాము. మీట ఇటు తిప్పితే గీజరు, అటు తిప్పితే పొయ్యి. రెండూ ఒకేసారి నడవడం ఎవరు మరచిపోయినా సాధ్యం కాదు. ఇంట్లో అయిదుగురికి అయిదు రకాల జ్ఞాపకాలు ఉంటాయి కనుక, గుర్తుపెట్టుకోండి అని చెప్పడం మీద ఆధారపడలేము.

గీజరు కొనేటప్పుడు కిలోవాట్లు ఎక్కువుంటే మంచిదనుకుంటారు. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి వేడి చేయడానికి 0.6 యూనిట్ల చిల్లర కావాలి. 3 కిలోవాట్ల గీజరైనా, 1 కిలోవాట్‌దైనా యూనిట్లు అవే. పెద్దది 12 నిమిషాల్లో కాస్తుంది, చిన్నది 37 నిమిషాలు తీసుకుంటుంది, అంతే తేడా. లోడు తక్కువ ఉన్న ఇంటికి తొట్టి పెద్దగా, కాయిల్ చిన్నగా ఉన్న గీజరు నయం. తెల్లవారుజామున వేసి పెట్టుకుంటే, వంట మొదలయ్యేసరికి దాని పని అయిపోతుంది. అప్పటికప్పుడు నీళ్లు కాచే 3 కిలోవాట్ల చిన్న గీజరు మాత్రం ఇలాంటి ఇళ్లకు పనికిరాదని నా అభిప్రాయం.

ఐటీఐ బోధకుడు

అమ్మా, మీ లెక్క అక్షరాలా సరైనది. వోల్టేజీ తగ్గితే గీజరు తక్కువ లాగుతుంది. 190 వోల్టుల దగ్గర 2 కిలోవాట్ల గీజరు ఇచ్చేది 1365 వాట్లే, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి తప్ప వైరుకు భారం కాదు. మోటారు, ఏసీ అలా కావు. చేయవలసిన పని మారదు కనుక వోల్టేజీ తగ్గినకొద్దీ ఎక్కువ ఆంపియర్లు లాగుతాయి. ఏసీకి స్టెబిలైజరు పెట్టినా వైరు మీద ఆ భారం అలాగే ఉంటుంది.

పలాస వెల్డింగ్

తిత్లీ తుపాను తర్వాత, 2018లో, మా వైపు కొబ్బరితోటల్లో రేకుల షెడ్లు ఎగిరిపోయి ఎవరి ఇంట్లో వాళ్లు వెల్డింగ్ చేసుకోవలసి వచ్చింది. అప్పటినుంచి నేను ఇంటి సింగిల్ ఫేజ్ మీద ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ వాడుతున్నాను. పెట్టె మీద 200 ఆంపియర్లు అని రాసి ఉంటే చాలామంది భయపడతారు. అది వెల్డింగ్ రాడ్డు దగ్గర ప్రవాహం, గోడ సాకెట్ దగ్గర కాదు. రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డుకు 80 ఆంపియర్లు పెడితే ఆర్క్ దగ్గర 23 వోల్టులు ఉంటాయి, అంటే సుమారు 1850 వాట్లు. మిషన్‌లో పోయే నష్టం, పవర్ ఫ్యాక్టరు (లాగిన దానిలో నిజంగా పనికి వచ్చే వంతు) కలుపుకుంటే గోడ నుంచి లాగేది 13, 14 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్‌కు లోబడే ఉంది. 3.15 రాడ్డుకు 120 పెడితే అది 21, 22 అవుతుంది, అప్పుడు ఇంటి సాకెట్ చాలదు. కాబట్టి సన్న రాడ్డుతో రెండుసార్లు పోయడం ఇంటి కనెక్షన్‌కు తగిన పద్ధతి.

ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టమీద చుట్టి ఉంచి వెల్డింగ్ చేయకండి. మధ్యలోని పొరల వేడి బయటికి పోక తొడుగు కరుగుతుంది. మొత్తం విప్పి నేల మీద పరచండి. మా ఉద్దానం ఇసుక నేలలో ఎండాకాలం ఎర్తింగ్ గొయ్యిలో నీళ్లు పోయకపోతే ఎర్త్ పనిచేయదు, ఇది కూడా చూసుకోవాలి.

సిక్కోలు వైర్‌మన్

చీపురుపల్లి అమ్మగారి చేంజోవర్ ఆలోచనను షెడ్డుకు ఇంకో విధంగా వాడవచ్చు. గీజరు లైనులో ఒక కాంటాక్టరు (తన కాయిల్‌కు కరెంటు అందగానే లైనును తెంచే లేదా కలిపే స్విచ్చి) పెట్టి, దాని కాయిల్‌కు షెడ్డు లైను నుంచి సరఫరా ఇస్తే, షెడ్డు స్విచ్చి వేసినంతసేపు గీజరు లైను తెగి ఉంటుంది, ఆపగానే తిరిగి కలుస్తుంది. మామూలుగా మూసి ఉండే కాంటాక్టులు ఉన్న మాడ్యులర్ కాంటాక్టరు అడిగి తీసుకోండి. ఏసీని మాత్రం ఇలా తెంపడం నాకు ఇష్టం లేదు. కంప్రెసరు ఆగిన వెంటనే మళ్లీ కరెంటు అందితే పాత రకం ఏసీలకు హాని.

షెడ్డులోని గాలి కంప్రెసరును కూడా గమనించండి. ట్యాంకులో ఒత్తిడి తగ్గగానే అది తనంతట తాను బయలుదేరుతుంది. రంపం చెక్కలో ఉన్నప్పుడు ఆ క్షణం వస్తే వోల్టేజీ పడి రంపం చెక్కలో ఇరుక్కుంటుంది, అది చేతులకు ప్రమాదం. రంపం వేసేముందు కంప్రెసరు స్విచ్చి ఆపడం అలవాటు చేసుకోండి, లేదా ఆ రెంటికీ కూడా చేంజోవర్ పెట్టండి. కంప్రెసరు ఆగినప్పుడు బుస్సుమని గాలి వదలాలి. ఆ చప్పుడు రాకపోతే ఆ గాలి వదిలే అన్‌లోడరు వాల్వు చెడినట్టు, తర్వాతిసారి ఒత్తిడి మీద బయలుదేరలేక ఎంసీబీ పడుతుంది. బ్లోయరును ముందు వేసి, అది వేగం అందుకున్నాకే రంపం వేయండి.

షెడ్డు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్చి) తప్పనిసరి. రేకుల షెడ్డు, ఇనుప బల్ల, తడి నేల ఉన్నచోట ఎంసీబీ మనిషిని కాపాడదు.

కోటవీధి చెక్కపని, విజయనగరం

అందరికీ కృతజ్ఞతలు. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఎర్త్ వైరు, ఆర్‌సీసీబీ వేయించాను. ఎంసీబీ సీ 16నే ఉంచాము. ఉదయం రంపం మూలుగు లేకుండా ఎక్కుతోంది. రాడ్డు పరీక్ష మళ్లీ చేస్తే బోర్డు దగ్గర 222, షెడ్డులో 220 వచ్చింది. లోడు 5కు పెంచమని దరఖాస్తు పెట్టి, కొలతల కాగితం జతచేశాను. గీజరుకు కాంటాక్టరు వచ్చేవారం పెట్టిస్తాను. రంపం సాయంత్రం ఇంకా బరువుగానే ఎక్కుతోంది, కాబట్టి స్తంభం దగ్గర జాయింటు చూసేవరకు కోత పని ఉదయానికే పరిమితం చేసుకుని, సాయంత్రం చిత్రిక, నునుపు పనులు చేతితో చేసుకుంటాను.

విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టరు, నరసన్నపేట

సరైన క్రమంలోనే వెళుతున్నారు. కరెంటు పోయినప్పుడు రంపం, బ్లోయరు స్విచ్చులు వెంటనే ఆపేయండి. సరఫరా తిరిగి వచ్చిన క్షణాన వీధిలోని ఫ్రిజ్జులు, మోటార్లు, ఇంటి ఇన్వర్టర్ల చార్జింగు అన్నీ కలిసి బయలుదేరుతాయి, వోల్టేజీ బాగా దిగుతుంది. అయిదు నిమిషాలు ఆగి, మీటరులో 220 దాటిందని చూసుకున్నాక పని మొదలుపెట్టండి. కరెంటు వచ్చినా తనంతట తాను బయలుదేరని నో వోల్ట్ రిలీజ్ స్విచ్చి రంపానికి ఉందో లేదో చూసి, లేకపోతే అది కూడా వేయించండి.